ఓడే జట్టులో కుర్రాళ్ల సత్తాను అంచనా వేయడం ఎలా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు 2023-24 సీజన్‌లో 14 మ్యాచ్‌లు గెలిచి 68 ఓడింది. అందులో 28 ఓటములు వరసగా వచ్చినవే. ఆ మరుసటి సీజన్‌లోనే 44 గెలిచి ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం ఆడే చివరి దశ) అడుగుపెట్టింది. కేడ్ కనింగ్‌హమ్, జేలెన్ డ్యూరెన్, ఆసార్ థాంప్సన్, జేడెన్ ఐవీ ఈ రెండు జట్లలోనూ ఉన్నారు. మొదటి ఏడాది స్కోర్లు చూసి ఈ కుర్రాళ్ల పని అయిపోయిందన్నవాళ్లు తప్పు లెక్క వేశారు. అలాగని ఓడే జట్టులో ప్రతి కుర్రాడూ రేపటి స్టార్ అనుకోవడమూ తప్పే. అదే డెట్రాయిట్ 2020 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 7వ పిక్‌తో తీసుకున్న కిలియన్ హేస్‌ను 2024 ఫిబ్రవరిలో వదిలేసింది.

చుట్టూ ఉన్నవాళ్లు మారినా ఆటగాడితో పాటు మిగిలే నైపుణ్యం ఏది, ఓడే జట్టు పరిస్థితి వల్ల వచ్చిన అంకె ఏది అన్నది విడదీయడమే ఇక్కడ మీ పని. దీనికి ఒక స్ప్రెడ్‌షీట్, ఎన్‌బీఏ అధికారిక గణాంకాల సైటు, బాస్కెట్‌బాల్ రిఫరెన్స్, మ్యాచ్‌లు చూడ్డానికి ఎన్‌బీఏ స్ట్రీమింగ్ సేవ లీగ్ పాస్ ఉంటే చాలు. ఒక్కో ఆటగాడికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

1. ముందు వయసు రాయండి

ప్రతి ఆటగాడికీ ఒక వరస కేటాయించండి. పుట్టిన తేదీ, ఎన్నో పిక్, ఇప్పటిదాకా ఆడిన మొత్తం నిమిషాలు, ఒప్పందం ఎప్పటివరకు అన్న నాలుగూ అందులో రాయండి. అందరి వయసునూ ఒకే తేదీకి లెక్కగట్టాలి. ఆ సీజన్ ఫిబ్రవరి 1 పెట్టుకుంటే సులువు. 19 ఏళ్లవాడు మ్యాచ్‌కి 9 పాయింట్లు వేయడం, 23 ఏళ్లవాడు 14 వేయడం పక్కపక్కన పెడితే చాలాసార్లు మొదటివాడి భవిష్యత్తే పెద్దది. డ్యూరెన్ 2022-23లో లీగ్ మొత్తంలో అందరికన్నా చిన్నవాడు. 18 ఏళ్లకే సీజన్ మొదలుపెట్టి సగటున 9.1 పాయింట్లు, 8.9 రీబౌండ్లు (షాట్ తప్పాక బంతిని అందుకోవడం) తీశాడు. పెద్ద శరీరాలతో తలపడుతూ ఆ వయసులో అన్ని రీబౌండ్లు తీయడం తేలిక కాదు.

కాలేజీలో మూడు నాలుగేళ్లు ఆడి వచ్చినవాళ్లను వయసు పేరుతో కొట్టిపారేయకండి. ఓక్లహోమా సిటీ థండర్ 2022లో 12వ పిక్‌తో తీసుకున్న జేలెన్ విలియమ్స్ శాంటా క్లారాలో మూడేళ్లు ఆడి వచ్చినవాడే. వయసు పెరిగినకొద్దీ రుజువు ఎక్కువ అడగాలి, అంతే. 19 ఏళ్లవాడికి రెండేళ్లు ఓపిక పట్టండి. 22 ఏళ్ల రూకీ (లీగ్‌లో తొలి సీజన్ ఆడేవాడు) అయితే రెండో సీజన్ సగానికల్లా కనీసం ఒక్క పనిలోనైనా లీగ్ సగటును దాటాలి.

2. ఓడే జట్టు ఉబ్బించిన అంకెలను తీసేయండి

ఓడే జట్టులో కూడా ఎవరో ఒకరు షాట్లు వేయాలి. కాబట్టి మ్యాచ్‌కి ఇన్ని పాయింట్లు అన్న అంకె అవకాశాన్ని కొలుస్తుందే తప్ప సత్తాను కాదు. ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ (76ers) జట్టులో 2013-14లో మైకేల్ కార్టర్-విలియమ్స్ 16.7 పాయింట్లు, 6.3 అసిస్టులు (సహచరుడు స్కోరు చేసేలా ఇచ్చిన పాస్‌లు), 6.2 రీబౌండ్లతో ఆ ఏడాది ఉత్తమ రూకీ అవార్డు అందుకున్నాడు. మరుసటి ఫిబ్రవరిలోనే జట్టు అతన్ని మిల్వాకీకి పంపేసింది. అప్పటికే అంకెల్లో మూడు హెచ్చరికలు ఉన్నాయి. ఆ జట్టు లీగ్‌లోకెల్లా వేగంగా ఆడేది, అంటే మ్యాచ్‌కి పొజెషన్లు (బంతి దక్కి దాడి చేసే వంతులు) ఎక్కువ. అతని వయసు అప్పటికే 22. త్రీ పాయింటర్లు (మూడు పాయింట్లు ఇచ్చే దూరపు షాట్లు) 26.4 శాతమే పడ్డాయి.

వేగం ప్రభావాన్ని తీసేయడానికి 100 పొజెషన్లకు లెక్కించిన అంకెలు వాడండి. షాట్ల సామర్థ్యానికి ట్రూ షూటింగ్ చూడండి. మొత్తం షాట్లకు, ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగితే దొరికే ఉచిత షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి కలపండి. దాన్ని రెట్టింపు చేసి, ఆ వచ్చినదానితో పాయింట్లను భాగించండి. 16 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 18 పాయింట్లు వేశాడనుకుందాం. 4ను 0.44తో గుణిస్తే 1.76. 16తో కలిపితే 17.76, రెట్టింపు 35.52. 18ని దానితో భాగిస్తే 50.7 శాతం. ఇటీవలి సీజన్లలో లీగ్ సగటు 57, 58 శాతం మధ్య ఉంటోంది కాబట్టి ఈ 18 పాయింట్లు జట్టుకు ఖరీదైనవే. కార్టర్-విలియమ్స్‌కి ఆ ఏడాది 50 శాతం కూడా రాలేదు, అప్పటి లీగ్ సగటు 54 దరిదాపుల్లో ఉంది.

ఒక జాగ్రత్త. బంతి ఎక్కువసేపు చేతిలో ఉండే 20 ఏళ్ల గార్డుకి సగటు కంటే 3, 4 పాయింట్లు తక్కువ రావడం మామూలే. ఏడాదికేడాది ఆ తేడా తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. పిక్ అండ్ రోల్‌లో, అంటే సహచరుడి డిఫెండర్‌కి అడ్డు నిలిచి వెంటనే బుట్ట వైపు పరుగెత్తే ఎత్తులో, లాబ్ (గాల్లోకి ఎత్తి వేసిన పాస్) అందుకుని డంక్ కొట్టే సెంటర్‌కి మాత్రం 60 దాటడం కనీస అర్హత. దాన్ని గొప్పగా రాసుకోకండి.

3. షూటింగ్ దగ్గరే అందరూ పొరబడతారు, కాస్త ఆగి లెక్క వేయండి

నిజంగా 35 శాతం వేయగల ఆటగాడు 100 త్రీలు వేస్తే, కేవలం అదృష్టం అటూ ఇటూ కావడం వల్లే 26 నుంచి 44 శాతం మధ్య ఎక్కడైనా తేలొచ్చు. 200 వేస్తే 28 నుంచి 42. 750 వేస్తేగానీ 32–38 మధ్యకు రాదు. రూకీ సీజన్‌లో చాలామంది 200, 300 దగ్గరే ఆగిపోతారు. అంటే తొలి ఏడాది శాతం మీకు చెప్పేది చాలా తక్కువ. షే గిల్జస్-అలెగ్జాండర్ 2020-21లో సుమారు 170 ప్రయత్నాల్లో 41.8 శాతం వేశాడు. మరుసటి ఏడాది 30.0 శాతానికి పడ్డాడు. ఆ రెండు అంకెల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని తీర్పు చెప్పినవాళ్లెవరికీ అతని అసలు ఆట అంతుపట్టలేదు. 2024-25లో అతను 32.7 పాయింట్ల సగటుతో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, అతని జట్టు థండర్ 68 మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కొట్టింది.

చేయాల్సింది ఇది. ఆటగాడి లెక్కకు, లీగ్ సగటు 36 శాతంతో వేసినట్టు ఊహించుకున్న 250 ప్రయత్నాలు కలపండి. అంటే 90 పడినవి, 250 వేసినవి. ఐవీ 2024-25లో కాలు విరిగి ఆగిపోయేసరికి 30 మ్యాచ్‌లలో సుమారు 155 త్రీలు వేసి 40.9 శాతం సాధించాడు, అంటే దాదాపు 63 పడ్డాయి. 63కి 90 కలిపితే 153, 155కి 250 కలిపితే 405. భాగిస్తే 37.8 శాతం. అంతకుముందు రెండు సీజన్లలో అతను 34 శాతం దగ్గర ఉన్నాడు కాబట్టి 36–37 అనుకోవడం సబబు. 40 శాతం షూటర్ దొరికాడని సంబరపడి జట్టును అంచనా వేస్తే దెబ్బతింటారు.

తర్వాత మూడు విషయాలు చూడండి.

ఫ్రీ త్రోలు: ఎవరూ అడ్డం లేకుండా, ఎప్పుడూ ఒకే దూరం నుంచి వేసే షాట్ కాబట్టి చేతి మెత్తదనాన్ని ఇదే బాగా పట్టిస్తుంది. 80 శాతం దాటితే త్రీ తర్వాతైనా పడుతుందన్న ఆశ పెట్టుకోవచ్చు. 65 లోపు ఉంటే ఆశ తగ్గించండి. కనింగ్‌హమ్ రూకీగా త్రీలు 31.4 శాతమే వేసినా ఫ్రీ త్రోలు 84 శాతం పైనే. నాలుగో సీజన్‌కి త్రీ 35.6కి చేరింది.

ఎన్ని వేస్తున్నాడు: 36 నిమిషాలకు 5 త్రీలు వేసి 33 శాతం సాధించేవాడు, 1.5 వేసి 38 సాధించేవాడి కంటే ఎక్కువ ఆశాజనకం. డిఫెండర్ మొదటివాడి మీదికి పరుగెత్తుకొస్తాడు, రెండోవాణ్ని వదిలేస్తాడు.

ఎలాంటివి వేస్తున్నాడు: మూల నుంచి నిలబడి వేసేవా, డ్రిబుల్ చేసి ఆగి వేసేవా అన్నది విడిగా రాయండి.

ఫ్రీ త్రో సూత్రం ఒంటరిగా నిలబడదని హేస్ కథ చెబుతుంది. అతని ఫ్రీ త్రోలు 80 శాతం అటూ ఇటూ ఉండేవి, అయినా డెట్రాయిట్‌లో నాలుగు సీజన్లలో ఒక్కసారి కూడా త్రీ 30 శాతం దాటలేదు. పైగా అతను రిమ్ (బుట్ట అంచు) దాకా చొచ్చుకెళ్లేవాడు కాదు, ఫౌల్ తెచ్చుకుని ఫ్రీ త్రో లైన్‌కి వెళ్లడమే అరుదు. డిఫెండర్‌కి అతని షాట్ అంటే భయం లేదు, అతని డ్రైవ్ అంటేనూ లేదు. అప్పుడు పాసింగ్ ఎంత బాగున్నా దారులు మూసుకుపోతాయి.

4. నేర్పగలిగేది, నేర్పలేనిది వేరు చేయండి

ఈ గైడ్‌లో ఒక్క అడుగే వేయగలనంటే ఇదే వేయండి. బలం పెరుగుతుంది. నిలబడి వేసే షాట్ పెరుగుతుంది. ఫౌళ్లు తగ్గుతాయి. బంతి చేతికి ఎక్కువగా వచ్చే కుర్రాడి టర్నోవర్లు (ప్రత్యర్థికి బంతి పోగొట్టుకోవడాలు) కూడా అలవాటయ్యేకొద్దీ దారికొస్తాయి, కాబట్టి రూకీ గార్డు మ్యాచ్‌కి 3 టర్నోవర్లు చేశాడని కంగారు పడొద్దు. అవి ఎలా జరిగాయో చూడండి. కష్టమైన పాస్‌ను సరైన మనిషికి పంపబోతే పోయిందా, మామూలు పాస్ కాళ్ల దగ్గర పడి పోయిందా? మొదటిది మంచి లక్షణమే.

పెద్దగా పెరగనివి ఇవి: ఎదురుగా ఉన్నవాణ్ని దాటి రిమ్‌కి చేరే మొదటి అడుగు, డిఫెన్స్ కదలకముందే ఖాళీని చూడగల కన్ను, చేతుల పొడవు, పక్కకు జరిగే పాదాల వేగం. వీటికి అంకెల్లో జాడలు ఉంటాయి. రిమ్ దగ్గర, అంటే 4 అడుగుల లోపు, వేసే షాట్లు అతని మొత్తంలో ఎన్నో వంతు, వాటిలో ఎవరి అసిస్టూ లేకుండా తనే సాధించినవి ఎన్ని అన్నది గార్డులకూ (బంతి నడిపేవాళ్లు) వింగ్‌లకూ (పక్కల నుంచి ఆడేవాళ్లు) తప్పకుండా రాయండి. ప్రతి 10 షాట్లకూ ఎన్ని ఫ్రీ త్రోలు తెచ్చుకుంటున్నాడో చూడండి. 3 వస్తే బాగున్నట్టు, 1.5 అయితే అతను బయటే తచ్చాడుతున్నట్టు. డిఫెన్స్‌కి స్టీల్స్ (లాక్కున్న బంతులు), బ్లాకులు (అడ్డుకున్న షాట్లు) కలిపి 100 పొజెషన్లకు లెక్కించండి. వింగ్ ఆటగాడికి 3 దాటితే అతని చేతులూ చూపూ ఎన్‌బీఏ వేగాన్ని అందుకున్నట్టే.

ఆసార్ థాంప్సన్ రూకీ సీజన్ దీనికి మంచి పరీక్ష. 25 నిమిషాల్లో స్టీల్స్, బ్లాకులు కలిపి సుమారు 2. గార్డుల మధ్య తిరిగే మనిషికి 6.4 రీబౌండ్లు. త్రీలు మాత్రం 18.6 శాతం, ఫ్రీ త్రోలు 60 లోపే. అతని పేరు పక్కన ‘కాబోయే షూటర్’ అని రాయకూడదు. షూటింగ్ రాకపోయినా చోటు సంపాదించుకోగల డిఫెండర్ అని రాయాలి. అప్పుడు తర్వాతి ప్రశ్న తనంతట తనే వస్తుంది: అతన్ని ఆడించాలంటే పక్కన ఎంతమంది షూటర్లు కావాలి?

ఎత్తు విషయంలో ఒక మాట. 2019కి ముందు జట్లు ప్రకటించిన ఎత్తుల్లో బూట్లు కలిసి ఉండేవి. ఆ తర్వాత బూట్లు లేకుండా కొలిచినవే ఇవ్వాలన్న నియమం వచ్చింది. పాత ఆటగాళ్లతో పోల్చేటప్పుడు ఒక అంగుళం తేడా ఇక్కడే దూరుతుంది. ఎత్తు కంటే చాచిన చేతుల కొలత, నిలబడి చేయెత్తితే అందే ఎత్తు ఎక్కువ పనికొస్తాయి.

5. మ్యాచ్ చూడండి, కానీ బంతిని చూడకండి

ఒక ఆటగాడికి మూడు మ్యాచ్‌లు తీసుకోండి. ఒకటి గట్టి డిఫెన్స్ ఉన్న జట్టు మీద, ఒకటి సమాన స్థాయి జట్టు మీద, ఒకటి వరస రాత్రుల్లో రెండోది. మార్చి, ఏప్రిల్ మ్యాచ్‌లు వద్దు. అప్పటికి సగం జట్లు సీనియర్లను కూర్చోబెట్టి ఆడతాయి, ఆ రోజుల్లో వచ్చిన 30 పాయింట్లు చాలామందిని మోసం చేశాయి. తేడా 20 దాటాక నాలుగో క్వార్టర్‌ను కూడా వదిలేయండి. జూలైలో లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ చూడొచ్చు. అక్కడ బాగా ఆడటం పెద్ద విషయమేమీ కాదు, కానీ రెండో ఏడాది కుర్రాడు అక్కడ కూడా తేలిపోతే అది గట్టి హెచ్చరిక.

ఒక్కో మ్యాచ్‌లో 40 పొజెషన్లు ఎంచుకుని, బంతి ఎక్కడున్నా మీ కన్ను ఆ ఒక్క ఆటగాడి మీదే ఉంచండి. అటాక్‌లో బంతి అందాక షాట్, పాస్, డ్రైవ్ అన్న నిర్ణయం అర సెకనులో తీసుకుంటున్నాడా, పట్టుకుని నిలబడిపోతున్నాడా? బంతి లేనప్పుడు ఖాళీలోకి కదులుతున్నాడా? డిఫెన్స్‌లో హెల్ప్‌కి, అంటే సహచరుడికి సాయంగా, వెళ్లాల్సిన క్షణానికి ముందే బయల్దేరుతున్నాడా, బంతి రిమ్‌కి చేరాక మేలుకుంటున్నాడా? స్క్రీన్ (దారిలో ప్రత్యర్థి పెట్టే అడ్డు) తగిలాక మళ్లీ తన మనిషిని అందుకుంటున్నాడా? ప్రతి పొజెషన్‌కీ సరి, తప్పు, చెప్పలేం అని మూడు గీతల్లో ఒకటి గీయండి. మూడు మ్యాచ్‌లకు 120 గీతలు వస్తాయి, మీ అభిప్రాయానికి అదే ఆధారం. ఒక్క అదిరిపోయే డంక్ గుర్తుండిపోయి తీర్పును లాగేసే ప్రమాదం దీనితో తగ్గుతుంది.

మనకు ఇండియాలో ఈ మ్యాచ్‌లు తెల్లవారుజామున, ఉదయం వస్తాయి. లైవ్‌లో ఆనందించి, గీతలు గీసే పని రీప్లేలో చేసుకోండి. డెట్రాయిట్ శివార్లలో నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ వైపు ఉండే తెలుగువాళ్లకు టీవీ ఇవ్వని సౌకర్యం ఒకటుంది. పిస్టన్స్ ఆడే లిటిల్ సీజర్స్ అరీనాలో పై వరస టికెట్ చవక, అక్కడి నుంచి పదిమంది కదలికలూ ఒకేసారి కనిపిస్తాయి. డిఫెన్స్ అంచనాకి ముందు వరస కంటే అదే మంచి చోటు.

6. చుట్టూ ఎవరున్నారో లెక్కలో కలపండి

2023-24 తొలి మ్యాచ్‌లో డెట్రాయిట్ మొదటి ఐదుగురు: కనింగ్‌హమ్, హేస్, ఆసార్, ఐజయా స్టూవర్ట్, డ్యూరెన్. ప్రత్యర్థి భయపడే షూటర్ వాళ్లలో లేడు. కనింగ్‌హమ్ డ్రైవ్ చేసిన ప్రతిసారీ లోపల ముగ్గురు ఎదురయ్యేవాళ్లు. తర్వాతి ఏడాది మాలిక్ బీస్లీ, టోబయస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ వచ్చారు, కోచ్‌గా జేబీ బికర్‌స్టాఫ్ వచ్చాడు. బీస్లీ ఒక్కడివే 319 త్రీలు పడ్డాయి. ఆ సీజన్ కనింగ్‌హమ్ 26.1 పాయింట్లు, 9.1 అసిస్టులతో ఆల్ ఎన్‌బీఏ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాళ్ల జాబితా) మూడో జట్టులో చోటు సంపాదించాడు. అతని కన్ను, శరీరం, ఓపిక అంతకుముందూ ఉన్నాయి. దారులు కొత్తగా తెరుచుకున్నాయి.

అందుకే గణాంకాల సైటులో లైనప్ డేటా (ఏ ఆటగాళ్లు కలిసి ఆడినప్పుడు ఏం జరిగిందన్న లెక్క) తెరిచి, మీ ఆటగాడు ఇద్దరు ముగ్గురు మంచి షూటర్లతో ఉన్న నిమిషాలను, లేని నిమిషాలను విడదీయండి. 300 నిమిషాల లోపు ఉన్న లైనప్ అంకెల మీద భారం వేయకండి, వాటిని ప్రశ్న అడగడానికే వాడండి.

దీని రెండో వైపు కూడా ఉంది. కొందరు బంతి చేతిలో ఉంటేనే పనికొస్తారు. అప్పటి థండర్ ఆటగాడు జాష్ గిడీ అలాంటివాడు. 2024 ప్లేఆఫ్స్‌లో డాలస్ అతన్ని బయట వదిలేసి లోపల గుంపు కట్టింది, సిరీస్ మధ్యలో అతను బెంచ్‌కి మారాల్సి వచ్చింది. థండర్ అతన్ని షికాగోకి పంపి అలెక్స్ కరూసోను తెచ్చుకుంది, మరుసటి ఏడాది టైటిల్ గెలిచింది. గిడీ షికాగోలో బంతి దొరికాక బాగానే ఆడాడు. రెండు జట్లూ సరిగ్గానే ఆలోచించాయి. కాబట్టి మీ పట్టికలో మరో గడి పెట్టండి: ‘మనకంటే గొప్ప ఆటగాడు జట్టులోకి వస్తే ఇతను ఏం చేస్తాడు?’ ఆ గడి ఖాళీగా మిగిలితే అంచనాను ఒక మెట్టు దించండి.

7. గాయాలు

కాలు విరగడం, కీలు బెణకడం కుర్రాడి భవిష్యత్తును సాధారణంగా మార్చవు. ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే గాయం, భారీ శరీరానికి పాదంలో ఎముక గాయం మారుస్తాయి. కనింగ్‌హమ్ రెండో సీజన్‌లో 12 మ్యాచ్‌లే ఆడి కాలి ముందు ఎముకకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ ఏడాదిని ‘ఆగిపోయిన సీజన్’ అని రాసి, అతని వయసును బట్టి కోరేదాన్ని ఒక ఏడాది వెనక్కి జరపాలి.

8. తీర్పును శాతాల్లో రాయండి, తేదీ వేయండి

‘వీడు స్టార్’, ‘వీడు వేస్ట్’ అన్న మాటలు తర్వాత సరిచూసుకోవడానికి పనికిరావు. నాలుగు గడులు గీయండి: ఆల్‌స్టార్ స్థాయి, మంచి జట్టులో మొదటి ఐదుగురిలో ఒకడు, బెంచ్ నుంచి ఆడేవాడు, లీగ్‌లో నిలవనివాడు. నాలుగూ కలిపితే 100 రావాలి. 2024 వేసవిలో ఆసార్‌కి మీరు 10, 45, 30, 15 అని రాసి ఉంటే అది బాధ్యత గల అంచనా. పిక్ సంఖ్యకు మొదటి ఏడాది కాస్త విలువ ఇవ్వండి, మూడో ఏడాదికల్లా దాన్ని పూర్తిగా మరిచిపోండి. 2013లో మొదటి పిక్ ఆంథనీ బెన్నెట్, అదే డ్రాఫ్ట్‌లో 15వ పిక్ యానిస్ ఆంటెటోకున్‌పో.

తర్వాత జట్టు మొత్తాన్ని కూడండి. ఆరుగురు కుర్రాళ్లకు మీరిచ్చిన ఆల్‌స్టార్ శాతాలన్నీ కలిపితే 250 వచ్చిందనుకోండి, రెండున్నర మంది ఆల్‌స్టార్లు తయారవుతారని మీరు చెబుతున్నట్టు. అలాంటి జట్లు చాలా అరుదు. మొత్తం 100 లోపుకు వచ్చేదాకా ఒక్కొక్కరినీ తగ్గిస్తూ రండి. అప్పుడే ఎవరి మీద మీకు నిజంగా నమ్మకముందో తేలుతుంది. అభిమానులు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ కూడికే.

తిరిగి చూసుకునే తేదీలను ఒప్పందాల క్యాలెండర్ ఇస్తుంది. మొదటి రౌండ్ పిక్‌కి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది, అందులో మూడో, నాలుగో ఏళ్లు జట్టు ఇష్టం. మూడో ఏడాది సంగతి రూకీ సీజన్ తర్వాతి అక్టోబర్ 31లోపు, నాలుగో ఏడాది సంగతి రెండో సీజన్ తర్వాతి అక్టోబర్ 31లోపు జట్టు తేల్చాలి. మూడు సీజన్లు నిండాక పొడిగింపు ఒప్పందానికి తలుపు తెరుచుకుంటుంది, నాలుగో సీజన్ మొదలయ్యేలోపు మూసుకుంటుంది. 14 గెలుపుల సీజన్ ముగిసిన ఆ వేసవిలోనే డెట్రాయిట్ కనింగ్‌హమ్‌కి ఐదేళ్లకు గరిష్ఠ మొత్తం ఇచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే హేస్‌కి పొడిగింపు ఇవ్వకుండా నాలుగో సీజన్‌లోకి పంపింది. మీ పట్టికలో ఈ మూడు తేదీలకూ ఒక్కో నిలువు వరస పెట్టండి. జట్టు నిర్ణయం బయటకు రావడానికి వారం ముందే మీ నాలుగు శాతాలూ నింపి, ఆ తర్వాత వాటిని దిద్దకండి.